పటాన్ని తిరగేసి చూసిన అల్మూట్ రెంకెన్ గారు

1986 సెప్టెంబరు ఒకటో తేదీ, సోమవారం ఉదయం, బ్రెమెన్ నగరంలోని మన హార్యెస్ చిత్ర విక్రయశాలలో శ్రీమతి అల్మూట్ రెంకెన్ గారు పత్రాలను భద్రపరిచే బాధ్యతను స్వీకరించారు. వచ్చిన గంటలోపే హాలులోని చిత్రాలన్నిటినీ ఒక్కొక్కటిగా గోడవైపు తిప్పేశారు. పటాలు కట్టే పనిలో అప్పటికి రెండేళ్ల అనుభవం గడించిన నేను, ఈవిడకు బొమ్మలంటే గిట్టదు కాబోలు అనుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత, ఆవిడ పదవీ విరమణ సందర్భంగా వెలువడే మన సంస్థ పత్రికలో ఆ మహనీయురాలిని అభినందిస్తూ రాసే భాగ్యం నాకే దక్కింది. ఉత్సాహంతో కలం ఒకచోట నిలవడం లేదు, మన్నించాలి.

1908లో ఈ సంస్థను స్థాపించిన డీడ్రిష్ హార్యెస్ గారు తమ చేతిమీదుగా వెళ్లే ప్రతి చిత్రం వెనుక, గుడ్డను బిగించిన చెక్కమీద, నీలిపెన్సిలుతో ఒక అంకె వేసి, దాన్ని తెచ్చినవారి పేరు రాసేవారు. 1944 నాటి బాంబుదాడిలో సంస్థ పత్రాలన్నీ బూడిదైపోగా, ఏ చిత్రం ఎవరి నుంచి వచ్చిందో చెప్పగల సాక్ష్యం ఆ చెక్కలమీద మాత్రమే మిగిలింది. వారి తర్వాత పగ్గాలు చేపట్టిన కుమారులు హిన్రిష్ గారు ఆ అంకెలను పట్టించుకోలేదు. రెంకెన్ గారు పట్టించుకున్నారు.

పాత కొనుగోలుదారుల చిరునామాలు వెతికి పట్టుకుని, వారు పెట్టిన వెన్న కేకు తిని, కాఫీ తాగి, “మీకు అభ్యంతరం లేకపోతే ఆ బొమ్మను ఒక్కసారి తిప్పి చూస్తానండీ” అనేవారు.

“ముందు భాగం నచ్చలేదా అమ్మా?” అన్నారట ఒక పెద్దాయన. “మాకూ నచ్చదు. మా అత్తగారు ఇచ్చారు, తీసే ధైర్యం లేక ఉంచాం.”

ఆ బొమ్మ వెనుక అంకె దొరికిందని చెప్పడానికి ఆవిడ వానలో సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. మెట్ల దగ్గర నుంచే కేకలు మొదలుపెట్టారు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. 1997 ఫిబ్రవరిలో హిన్రిష్ గారు చిన్న ఇంటికి మారుతూ, చిన్నతనం నుంచీ తమ భోజనాల గదిలో ఉన్న ఒక చిత్రాన్ని అమ్మకానికి పెట్టారు. ఒడ్డున ఆరేసిన చేపల వలల చిత్రం అది. వెనుక చెక్కలు పురుగు పట్టి ఉంటే, నేను వాటిని తీసి కొత్తవి బిగించాను.

“పాత చెక్కలేవి, ఫోల్కెర్ట్ గారూ?” అంటూ రెంకెన్ గారు వచ్చారు.

“పురుగు తిన్నవండీ. పొయ్యి పక్కన బుట్టలో వేశాను.”

“బుట్టలోనా, పొయ్యిలోనా?”

“రెండు పొయ్యిలోకి వెళ్లాయి. రెండు ఉన్నాయి.”

“నీకసలు బుద్ధుందా?” అన్నారు. పదేళ్లలో ఆవిడ నన్ను ‘నువ్వు’ అనడం అదే మొదలు. ఆ పిలుపే స్థిరపడింది కానీ, తిరిగి అలా పిలిచే ధైర్యం నాకు ఈనాటికీ రాలేదు.

మిగిలిన రెండింటిలో ఒక చెక్కమీద 412 అన్న అంకె, పక్కనే ‘లోవెన్‌తాల్, 1938’ అన్న రాత కనిపించాయి. ఆ ఏడాది ప్రాణాలు దక్కించుకోవడానికి ఊరు విడిచిన యూదు కుటుంబం అది. అంత కష్టంలో ఉన్నవారి నుంచి ఆ చిత్రాన్ని తీసుకుని తమ ఇంట్లో తగిలించుకున్నవారు మన వ్యవస్థాపకులే. కబురు తెలిసి హిన్రిష్ గారు కిందికి దిగివచ్చారు.

“రెంకెన్ గారూ, ఆ ముక్కను బుట్టలో పడేయండి. మా నాన్న పోయి ముప్పై ఏళ్లయింది. ఇప్పుడు ఆయన పేరు బజారుకెక్కించడం దేనికి?”

“పొయ్యి తలుపు తీసే ఉంది, హార్యెస్ గారూ. మీ నాన్నగారి చేతిరాత కదా, మీరే వేయండి. నేను మాత్రం రేపట్నుంచి పనిలోకి రాను.”

ఆయన ఆ చెక్కను అందుకుని పొయ్యి దాకా వెళ్లారు. చివరికి పొయ్యి తలుపు మూసి, “వాళ్లలో ఎవరైనా మిగిలి ఉన్నారేమో చూడండి” అని పైకి వెళ్లిపోయారు.

రెండేళ్లపాటు ఉత్తరాలు రాయగా, రాటర్‌డామ్‌లో నివసిస్తున్న ఆ కుటుంబపు మనవరాలు మిర్యమ్ గారి ఆచూకీ దొరికింది. మిగిలిన రెండు పాత చెక్కలనూ నేనే తిరిగి బిగించగా, చిత్రం సొంతవారిని చేరింది. పరువు తీశారని కొందరు మన గడప తొక్కడం మానేశారు. అంతకంటే ఎక్కువమంది తమ బొమ్మలను చంకన పెట్టుకుని, వీటి వెనుకా చూడమని వచ్చారు. నేటికి పదిహేడు చిత్రాలు ఇళ్లు చేరాయి. హిన్రిష్ గారి కుమార్తె, నేటి మన యజమానురాలు వీబ్కె గారి హయాంలో, ఏ చిత్రానికైనా మొదట వెనుక భాగం చూపించాకే ముఖం చూపించడం మన సంస్థ నియమమైంది.

రెంకెన్ గారూ, మీ జీవిత సహచరులు హైకో గారితో కలిసి మీరు నిండు నూరేళ్లు ఆరోగ్యంగా ఉండాలనీ, మీ మోకాళ్లు మీ సైకిలుకు ఎన్నడూ ఎదురు చెప్పకూడదనీ మనసారా కోరుకుంటున్నాను. ఈ సంచిక మీ చేతికి వీడ్కోలు సభలోనే అందుతుంది. మీ కుర్చీని గోడకు ఆనించి వేయించినవాణ్ని నేనే. ఆ గోడకు తగిలించడానికి మిర్యమ్ గారు ఆ వలల చిత్రాన్ని ఒక్కరోజుకు అరువిచ్చారు. ముఖం గోడవైపు, నీలి అంకె మీవైపు ఉండేలా తగిలించాను. ఇక చదివింది చాలు. అల్మూట్, ఒకసారి వెనక్కి తిరుగు.