ఇతరముల గడిలో అక్క

సభకు పెద్దగా కూర్చున్న డైరెక్టర్ గారికి, పక్కనే ఉన్న పాత డైరెక్టర్ గారికి, నాతో పాటు చెప్పులరిగేలా తిరిగిన సర్వే మిత్రులకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే వాచీ చూపిస్తున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు) రెండు ముక్కల్లో ముగించమన్నారు. రిటైరయ్యే రోజున ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగం రెండు ముక్కల్లో ఎలా ముగుస్తుందో తెలియదు గానీ, ప్రయత్నిస్తాను.

ఇందాక మాట్లాడినవాళ్లంతా నాకు ఓపిక ఎక్కువన్నారు. మా ఇంట్లో అడగండి. (నవ్వులు) ఇల్లిల్లూ తిరిగి "మీ ఆదాయం ఎంత?" అని అడగడం నా ఉద్యోగం. ఒకసారి నాలుగంతస్తుల ఇంటికి వెళ్లాను. యజమాని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తన ఆదాయం చెప్పాడు. ఆ లెక్కన ఆయనకు ఆ ఇంటి మెట్లు కట్టే స్తోమత కూడా లేదు. అద్దెలన్నీ రసీదు లేకుండా చేతికే వస్తాయి మరి. వంటింట్లో వంటావిడను అడిగితే తన జీతం ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన చూపించిన కాగితం పుణ్యమా అని ఆయన మాట ఆదాయం గడిలోకి ఎక్కింది. ఆవిడ దగ్గర కాగితం లేదు కాబట్టి ఆవిడ కష్టం "ఇతరములు" గడిలోకి పోయింది. లెక్క కట్టే రోజున ఇతరముల్ని పక్కన పెట్టేయడం మన ఆఫీసు పద్ధతి. ఆ తర్వాత ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య తేడా తగ్గిపోయిందని నివేదిక అచ్చేసి, ఈ హాల్లోనే కేకు కోసుకున్నాం. నేనూ తిన్నాను, రెండుసార్లు పెట్టించుకుని మరీ తిన్నాను.

నాకు విసుగెత్తిపోయింది సార్. ఉన్నవాడు తన సంపాదన దాచుకుంటే పన్ను మిగిలి ఇంకో అంతస్తు లేస్తుంది. కిందివాళ్ల పనిని మనం దాచేస్తే వాళ్లకు కష్టమొచ్చిన రోజున దిక్కుండదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండని మీటింగుల్లో చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ప్రతిసారీ "వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. పాత డైరెక్టర్ గారూ, తల వంచుకోకండి, మీ ముందాయనా అదే అన్నారు.

సరే, అది ఊళ్లోవాళ్ల సంగతి. తలుపు దగ్గర కుడిచేతికి కట్టుతో, ఎడమచేతిలో చీపురుతో నిలబడ్డ అక్కను చూడండి. మనం ఎప్పుడు లేస్తామా, ఎప్పుడు ఊడ్చుకుందామా అని ఎదురుచూస్తోంది. పందొమ్మిదేళ్లుగా ఈ హాలు తుడుస్తోంది. కాంట్రాక్టరు మనకిచ్చే జాబితాలో ఆరుగురి పేర్లుంటాయి. పనికి వచ్చేది ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒక్కరి పేరూ జాబితాలో లేదు. జీతాలు ఆ పేర్లకు, చీపుర్లు వీళ్లకు. పోయిన నెల అక్క మన మెట్ల మీదే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఉచితంగా ఆపరేషన్ చేయాలంటే పనిచేసే చోటు నుంచి ఉత్తరం కావాలని ఆసుపత్రివాళ్లు రాశారు. "ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు" అని మన ఆఫీసు జవాబిచ్చింది.

ఆ జవాబు రాసింది నేనే. జాబితా చూశాను, పేరు లేదు, సంతకం పెట్టేశాను. ఆ మధ్యాహ్నం ఎడమచేత్తో నా బల్ల తుడుస్తూ, "ఉత్తరం రాశారా సార్?" అని అడిగింది. "చూద్దాంలే" అన్నాను. ఊళ్లోవాళ్ల పనిని లెక్కపెట్టే ఉద్యోగం చేస్తూ ఆ మాటన్నాను. సిగ్గేస్తోంది.

అందుకే జ్ఞాపిక, ఫోటో కాసేపాగి. నా జేబులో ఇంకో ఉత్తరం ఉంది. పాత జవాబు తప్పని, ఈవిడ పందొమ్మిదేళ్లుగా ఇక్కడే పనిచేస్తోందని రాశాను. నా సంతకం ఇవాళ ఐదింటి దాకా చెల్లుతుంది. పక్కన డైరెక్టర్ గారిది కూడా ఉండాలి. కాంట్రాక్టరు గొడవ చేస్తాడని నాకూ తెలుసు. ఇదిగో పెన్ను సార్. మైకు నా చేతిలోనే ఉంది, నాకేం తొందర లేదు.

(డైరెక్టర్ గారు పెన్ను అందుకుని సంతకం పెడతారు)

తేదీ కూడా వేయండి సార్. ఆ కింద ముద్ర.

సంతోషం. వచ్చినందుకు, విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. అక్కా, ఆ చీపురు అక్కడ పెట్టేయ్, ఈ కుర్చీలు వీళ్లు సర్దుకుంటారు. ఆసుపత్రి కౌంటరు ఆరింటి దాకా తెరిచే ఉంటుంది, పద. మా ఆవిడ కూడా వస్తుంది. ఇక సెలవు.