కవర్లో గిటార్

ఢిల్లీ బేర్ సరాయ్‌లో సివిల్స్‌కి చదువుతున్న ఇద్దరు స్నేహితుల అద్దె గది. గోడకి ఆనించిన కొత్త గిటార్ ఇంకా కవర్లోనే ఉంది.

"నెలైందిరా అది కొని. ఎప్పుడు వాయిస్తావు?"

"నోట్స్ రాసుకుంటున్నా. స్కేల్స్ చాప్టర్ అయిపోతే ఇక రివిజనే."

"గిటార్‌కి నోట్స్ ఏంట్రా నీ మొహం."

"మూడు పుస్తకాలున్నాయి కదా. పైగా జిరాక్స్ షాపు భయ్యా ఎవరో సీనియర్ రాసిన నోట్స్ కూడా ఇచ్చాడు."

"కొనేటప్పుడూ ఇంతే. నైలాన్ తీగలా, స్టీల్ తీగలా అని రెండు నెలలు పట్టికలు గీశావు. చివరికి షాపువాడు విసిగిపోయి ఇది తీసుకెళ్లమంటే తెచ్చుకున్నావు."

"బేసిక్స్ గట్టిగా ఉండాలిరా. మొదట్లోనే తప్పు వాయిస్తే?"

"వాయిస్తే ఏమవుద్ది? వినేది నేనొక్కణ్ణే. ముందా కవరు తియ్యి."

"తీశా. ఉండు, ఈ వేలు ఎక్కడ పెట్టాలో ముప్ఫయ్యో పేజీలో ఉంది."

"పుస్తకం మూసెయ్యి. తీగ నొక్కు, మీటు."

"అబ్బా, వేలు కోసుకుపోతోంది. మోత చూడు, రేకు డబ్బా కొట్టినట్టుంది."

"అవును, ఘోరంగా ఉంది. మళ్లీ వాయించు."

"ఇలా ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లయినా. సివిల్స్‌లాగా ఆరే అటెంప్ట్‌లని దీనికెవడూ రూలు పెట్టలేదు."

"నాకక్కడ ఇంకొక్కటే మిగిలిందిరా."

"తెలుసు. మళ్లీ వాయించు."