తెరచాపకి బొజ్జ

(రతన్‌పూర్ దగ్గర డ్యామ్ గట్టు. వేసవి సెలవులు. విండ్ సర్ఫింగ్ క్యాంపులో చేరిన పన్నెండేళ్ల తనూజ. గూడ్సు వ్యాగన్ల మీద టార్పాలిన్లు బిగించే ఖలాసీ పైడిరాజు, ఆమె తండ్రి.)

“ఇంక లాగకు నాన్నా, చిరిగిపోతాది.”

“చిరగదు. ఇరవయ్యేళ్ల నుంచి కడతన్నాను. నా టార్పాలిన్ కింద ఒక్క బస్తా తడవలేదు.”

“ఇది టార్పాలిన్ కాదు, తెరచాప. ఇక్కడ హిందీలో పాల్ అంటారు.”

“పాలా? అయితే పొంగకుండా చూడాలి గదేటి.”

“పొంగాలి. కొత్తవాళ్ల పాల్‌కి కొంచెం బొజ్జ ఉండాలన్నారు సర్. బల్లలా బిగిస్తే గాలి ఒక్కసారే గుంజేసి పడేస్తాదంట.”

“మీ అమ్మ రోజూ నా బొజ్జని తిడతాది. ఆ సర్‌ని ఓసారి మన క్వార్టర్‌కి పిలువు.”

“పది నిమిషాల్లో చూడ్డానికొస్తారు. సరిగ్గా కట్టినవాళ్లే నీళ్లలోకి, మిగతావాళ్లు రోజంతా గట్టు మీదే. ఆ కింది తాడు ఢీలా చెయ్యి.”

“నేనెందుకు డీలా పడాలే?”

“నువ్వు కాదు, తాడు. లూజు.”

“లూజంటే మా షెడ్‌లో మెమో ఇస్తారు.”

“ఇక్కడ లూజుంటేనే గాలి తింటాది.”

“గాలీ తినడానికి ఇంత దూరమేటి? హిందీలో గాలీ అంటే తిట్లే గదా, మా ఫోర్‌మన్ రోజూ డ్యూటీలోనే తినిపిస్తాడు.”

“జోకులాపు. పై అంచు రెపరెపలాడాలి. గట్టి గాలొస్తే అక్కణ్నుంచే జారిపోతాది... మళ్లీ బిగించేశావా?”

“చేతికి అలవాటు.”

“ఇది మూడోసారి. నేను విప్పుతాను, నువ్వు బిగిస్తావు. ఎందుకో ఇటు చూసి చెప్పు.”

“డ్యామ్ మధ్యలో ఎంత లోతుంటాదే?”

“లైఫ్ జాకెట్ ఇచ్చారుగా. ఈత నువ్వే నేర్పించావు.”

“నేర్పించాను. ఆ పూల్‌లో అడుగు కనపడేది.”

“నాన్నా.”

“అమ్మ పులిహోర కట్టింది. నీడలో కూచుని తిని...”

“నాన్నా, సర్ వస్తన్నారు.”

“సర్లే. ఏ తాడు? ఇదా?”

“అదే. కొంచెం... ఇంకొంచెం... చాలు. చూడు, బొజ్జొచ్చింది.”

“అచ్ఛా. అంతా నా పోలికే.”

“చూశావా, సర్ తలూపారు. పేరు రాసుకుని సర్ఫింగ్ పలక నీళ్లలోకి దింపమన్నారు. వెళ్తా నాన్నా. వదులు.”

“వదులుగానే కట్టాను కదే.”

“తాడు కాదు నాన్నా, నా చెయ్యి.”