మేమే బంద్ పెట్టినం

ఇబ్రహీంపట్నం శివారులో ఆముదం మిల్లు మూతపడింది. పరిహారం తేల్చే సర్కారు ఆఫీసులో, గుమస్తా రాంచందర్ బల్ల ముందు పోశమ్మ నిలబడి ఉంది. పక్కన ఆమెతో కలిసి గింజలు చెరిగిన మరియ. మిల్లు మూసింది సేటే అని సర్కారు ఒప్పుకుంటేనే పరిహారం.

"ఇగో పోశమ్మా, నువ్వు జెప్పిందే రాసినం. 'మేమే బంద్ పెట్టినం.' కింద వేలిముద్ర నీదే గదా?"

"నాదే సారూ. మేమే బంద్ పెట్టినం."

"అక్కా, మల్ల గదే అంటవ్! జర నోరు మూస్కో."

"అబద్ధమా మరియా? నా పెనిమిటి పాయె. పీనుగు లేసెదాక మిల్లుల ఎవ్వలన్న పని ముడతరా?"

"మీ ఆయన పేరు?"

"చెప్పు మరియా."

"సాయన్న. అక్క పెనిమిటి పేరు నోట పలకది సారూ."

"సాయన్న పోయిండు, మీరు పని ఆపిన్రు. గది మీ పద్ధతి, నాకు దెల్సు. కాని కాయిదం మీద బంద్ పెట్టుడంటే సమ్మె. సమ్మె జేసి మీరే మిల్లు మూపిచ్చిన్రని సేటు రాసిచ్చిండు."

"సావుకు పోతే సమ్మెనా? మీ ఇంట్ల ఎవరన్న పోతే ఆఫీసుకొచ్చి సంతకం పెడ్తవా?"

"లొల్లి జెయ్యకు మరియా. నేనైతే లీవు పెడ్త."

"మాకు లీవెక్కడిది? గందుకే బంద్."

"దాని మాట ఇడువు సారూ. తెల్లారి పనికి పోయినం. అందరం పోయినం. తాళం వడి ఉండె."

"తెల్లారి పోతే ఏం లాభం? మీరు ఆ పొద్దు రాలేదు, గందుకే మూసిన అంటుండు సేటు."

"ఆడి నోట్ల మన్ను వడ! మూసెటందుకు సాకు కోసం సూస్తుండె. మా సాయన్న సావు దొరికింది."

"గట్ల తిడితే పనైతదా మరియా?"

"మొక్కితే అయిందా?"

"మరి మేమేం జెయ్యాలె సారూ?"

"నా చేతుల ఏమున్నది? పెద్దసారు అడిగేది ఒక్కటే. ఆ పొద్దు పనికొచ్చి, తాళం జూసి, మళ్లినోడు ఒక్కడన్న ఉన్నడా?"

"ఎవరుంటరు? అందరం పాడె ఎనుక ఉన్నం."

"ఒక్కడన్న?"

"లేరంటే ఇనవేంది సారూ..."

"ఆగు మరియా. పాడె ఏ తొవ్వల పాయె?"

"మిల్లు తొవ్వల్నే. ఇప్పుడదెందుకక్కా?"

"దింపుడు కళ్లం ఏడ పెట్టిన్రు?"

"గేటు ముంగట్నే. పాడె ఆడనే దించిన్రు."

"మా మరిది ఎంకయ్య చెవుల ఏమని పిలిచిండు?"

"'లే అన్నా, మిల్లు కూతేసింది, పనికి పోదాం లే' అని. మూడుసార్లు. అక్కా, ఏడ్వకు."

"ఏడుస్తలేను. గేటు ఎట్లుండె?"

"గేటు... తాళం ఉండె అక్కా! అవ్, అప్పటికే ఉండె. కొత్తది, తళతళ మెరుస్తుండె."

"ఏందమ్మా మీలో మీరే? నాకు పనున్నది. పనికొచ్చినోడు ఉంటే పేరు చెప్పు, లేకుంటే నడువున్రి."

"రాస్కో సారూ. నా పెనిమిటే. సాయన్న. పిలిస్తే పనికొచ్చిండు. తాళం జూసిండు. మళ్లి పోయిండు."