మనోజ్ఞ రెండో డోసు

అదెక్కడి న్యాయమండీ డాక్టరు గారూ? నర్సు స్టెల్లాకి మెమో ఇస్తారా? ఐసు కరిగిపోయిందట, టీకా మందు పాడైపోయిందట! ఆ పిల్ల పని నాకు తెలియదా? మరీ గడ్డకట్టిన ఐసు తగిలినా కొన్ని మందులు చెడతాయని, ఐస్ ప్యాకు చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ళు గలగలమంటేగానీ డబ్బాలో సర్దదు. నేర్పిందే నేను.

మీరు కొత్తగా వచ్చారు, మీకు తెలియదు. ఈ ఊళ్ళో ముప్పయ్యేళ్ళు నర్సుగా చేశానండీ. వెంకటరత్నమ్మ చెయ్యి తేలికని ఉయ్యూరు నుంచి కూడా పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్ళు. రెండువేల ఎనిమిదిలో రిటైరయ్యా. అయినా బుధవారం, టీకాల రోజు వస్తే ఇంట్లో కాలు నిలవదు. అంగన్‌వాడీకి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంటా. స్టెల్లా సూదులు వేస్తుంటే నేను కార్డులూ రిజిస్టరూ రాసిపెడతా. రూలు ఒప్పుకోదు, తెలుసు. మరి ముప్పై మంది పిల్లలు ఒక్కసారి ఏడుస్తుంటే దానికి మాత్రం రెండు చేతులే కదా?

కూర్చోనా? వద్దులెండి. నిలబడే చెప్తా.

రెండు డోసులూ పడ్డ పిల్లకి తట్టు ఎలా పోసిందీ అని కదా మీ అనుమానం? మా మనవరాలు మనోజ్ఞకి. మూడో ఏడు నడుస్తోంది దానికి. నిమ్ము చేసి బెజవాడ ఆసుపత్రిలో పది రోజులు పడుకుందండీ. ఎడమ చెవికి చీము పట్టింది. వినికిడి సంగతి నెల పోయాక చెప్తామన్నారు. నిన్న ఆ పక్కన కూర్చుని మెల్లగా పిలిచా. తిరగలేదండీ.

ఊళ్ళో ఏమంటున్నారో విన్నారుగా? 'నర్సమ్మ మనవరాలికే రెండు సూదులు వేసినా తట్టొచ్చింది, ఇక మన పిల్లలకెందుకూ' అని. పోయిన బుధవారం ముగ్గురంటే ముగ్గురే వచ్చారు.

మా రోజుల్లో ఎంత తేలికండీ! బీసీజీ, పోలియో చుక్కలు, డీపీటీ, తొమ్మిదో నెల నిండితే తట్టు సూది, ఏడాదిన్నరకి బూస్టరు. నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేదాన్ని. ఇప్పుడో? నాలుగేళ్ళు కళ్ళు మూసుకుంటే కార్డే మారిపోతోంది. పెంటా అంటారు, రోటా అంటారు, తట్టుకి రూబెల్లా కలిపి రెండుసార్లు అంటారు. అర్థం కాక కాదండీ. ఒళ్ళు మండింది. వేల మందికి ఒక్కటే వేశానే, అంటే నేను వేసింది చాలలేదనా?

ఆ మాటే ఓ రోజు పైకి అన్నా. స్టెల్లా తల్లులందరి ముందూ, 'అమ్మా, తొమ్మిదో నెల డోసు వందలో పదిహేను మందికి పట్టదమ్మా, అందుకే రెండోది పెట్టారు' అంది. మర్యాదగానే అంది పాపం. నాకు మాత్రం తాతకు దగ్గులు నేర్పినట్టు అనిపించింది. ఆ రాత్రి అన్నం సయించలేదంటే నమ్ముతారా?

మనోజ్ఞకి ఏడాదిన్నర నిండింది. బూస్టరు వేయించా. అది నా లెక్కలో ఉందిగా! 'ఒకేరోజు రెండు సూదులెందుకే, తట్టుది వచ్చే వారం చూద్దాం' అన్నా. నా మాట కాదనలేక స్టెల్లా సరేనంది.

వచ్చే వారం... పిల్లని తీసుకెళ్ళలేదండీ. నేనొక్కదాన్నే వెళ్ళా. రిజిస్టరు నా ఒళ్ళోనే ఉంది. రాసేశా. తేదీ వేసి మరీ రాశా. కార్డులోనూ వేశా. సాయంత్రం కోడలు రాజ్యశ్రీ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులన్నా విప్పకుండా, 'వేయించారా అత్తయ్యా?' అంది. 'కార్డు చూసుకో' అన్నా. చూసుకుని, 'మీరుండగా నాకేం బెంగ' అంది.

వేయలేదండీ! దానికి ఆ సూది పడనేలేదు! మందు పాడవలేదు, ఐసూ కరగలేదు. లేదండీ, ఇంకే పిల్లకీ అలా రాయలేదు. ఒట్టు. నా సొంత మనవరాలికే.

ఒకప్పుడు తట్టు పోస్తే అమ్మవారంటూ గుమ్మానికి వేపమండలు కట్టి, నన్ను లోపలికి రానివ్వని ముసలమ్మలుండేవాళ్ళు. నడివీధిలో నిలబడి కడిగిపారేసేదాన్ని వాళ్ళని. వాళ్ళకి తెలియక చేశారండీ. నాకేమైంది? కంచే చేను మేసింది, ఇంకేం చెప్పను.

స్టెల్లాకి తెలుసా అంటారా? తెలియకేం! నా చేతిరాత దానికి తెలియదా? అయినా మీరడిగితే 'నేనే వేశాను సార్' అందటగా? నిన్న మా ఇంటికొచ్చి, పిల్ల చెవిలో చుక్కలు వేసి వెళ్ళింది. నాలుగు తిట్టినా బాగుండేది.

రాసుకోండి. వెంకటరత్నమ్మ తప్పుడు రాత రాసిందని రాసుకోండి. బుధవారం తల్లుల ముందూ నేనే చెప్తా. సిగ్గుదేముంది, ఈ వయసులో?

కానీ ఒక్క సాయం చేయండి. రాజ్యశ్రీ బయట బల్ల మీద కూర్చుంది, పిల్లని ఒళ్ళో పెట్టుకుని. మందుల చీటీ కోసం వచ్చామనుకుంటోంది. ఇంట్లో చెప్పాలని నాలుగుసార్లు నోరు తెరిచానండీ. తెరిచి, 'కాఫీ కలపనా' అని అడిగా. మీ ముందైతే తప్పించుకోలేను.

పిలవండి బాబూ. నేను మళ్ళీ మాట మార్చకముందే పిలవండి.