ఆయిలీ కోసం ఊర్హో చూసొచ్చిన మూడు హెడ్‌సెట్లు

అమెరికాలో మంచు బాగా కురిసే కాల్యుమెట్ ఊళ్లో ఊర్హో సాల్మెలా నోరు విప్పాడంటే లెంపీ కాఫీ కొట్లో ఎవరి కప్పయినా చల్లారిపోవాల్సిందే. మంచు తోసే బండి నడిపి నడిపి రిటైరైన మనిషి. ఆ బండితో తోసిన మంచుకన్నా ఆ తర్వాత కోసిన కోతలే ఎక్కువని ఊరంతా అనుకుంటారు.

ఆ జనవరి పొద్దున వెయిక్కో హౌతలా తలుపు తోసుకుని వచ్చేసరికి ఊర్హో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని యాలకుల రొట్టె కాఫీలో ముంచుకుంటున్నాడు. వెయిక్కో ఇంటినుంచి వస్తున్నాడు. అక్కడ అతని భార్య ఆయిలీ తెల్లవారుతుండగా కన్నుమూసింది. నర్సు ఆమె మొహం తుడిచి, దుప్పటి సరిచేసి, "మీ అమ్మాయి గ్రీన్ బే నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. నేనిక్కడ ఉంటాను. మీరు కాసేపు బయట తిరిగి రండి," అంది. కాళ్లు అలవాటుకొద్దీ ఇక్కడికే తీసుకొచ్చాయి. లోపలికి రాగానే చెప్పేద్దామనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా.

"వచ్చావా! నీకోసమే కాచుక్కూచున్నా," అన్నాడు ఊర్హో. "ఇంక నువ్వు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదురా. మూడూ చూసొచ్చేశా."

మూడూ అంటే, కళ్లకి కట్టుకుని వీడియోలు చూసే హెడ్‌సెట్లు, ఇంకా అమ్మకానికి రానివి. ఆయిలీ చిన్నప్పటి వేసవులన్నీ సుపీరియర్ సరస్సు మధ్యలో ఉన్న ఐల్ రాయల్ దీవిలో గడిచాయి. వాళ్ల నాన్న అక్కడ చేపలు పట్టేవాడు. ఊపిరితిత్తులు పాడై, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో మంచం పట్టాక, ఆ దీవిని ఇంకొక్కసారి చూడాలని ఉందంది. దీవిని నలువైపులా కనిపించేలా ఎవరో వీడియో తీసి పెట్టారనీ, హెడ్‌సెట్ తగిలించుకుని చూస్తే అక్కడే నిలబడ్డట్టు ఉంటుందనీ కూతురు ఫోన్లో చెప్పింది. వెయిక్కో లైబ్రరీ నుంచి ఒకటి అడిగి తెచ్చాడు. అది ముక్కుమీద నొక్కుకుని గొట్టం పక్కకి జరిగింది. ఆయిలీకి దగ్గు ఆగలేదు. ఇక కొత్తవాటిమీదే ఆశ. వచ్చే నెలలో తెల్లది, ఈస్టర్ తర్వాత నల్లది, వేసవిలో బూడిదరంగుది. ఏది తేలిక, ఏది ముక్కుకి తగలదు, ఏది కళ్లజోడు మీద కూడా పడుతుంది అని ఆ బల్ల దగ్గర చలికాలం మొదలైనప్పట్నుంచీ అదే చర్చ.

వెయిక్కో కోటు విప్పకుండానే కూర్చున్నాడు. లెంపీ అతనికి కాఫీ పోసి, ఊర్హో వైపు తిరిగింది.

"ఇంకా బజార్లోకే రాలేదు కదా, నువ్వెక్కడ చూశావయ్యా?"

"చికాగోలో. మా మేనల్లుడు అక్కడ ఎగ్జిబిషన్ హాల్లో కుర్చీలు వేస్తాడు కదా. కంపెనీలవాళ్లు తల కోసం వెతుకుతున్నారట. పట్టీ ఎంతదాకా సాగుతుందో చూసుకోవాలంటే పెద్ద తల కావాలిగా! అమెరికా అంతా గాలించారు, దొరకలేదు. మావాడు నా ఫోటో చూపించాడు, అంతే, గంటలో విమానం పంపారు."

"నిన్న పొద్దున ఇక్కడే ఉన్నావు," అంది లెంపీ.

"పొద్దున ఉన్నాను. మధ్యాహ్నం ఉన్నానా? అదీ! మాట మధ్యలో అడ్డం రాకు." ఊర్హో కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "మొదట తెల్లది పెట్టారు. అందంగా ఉంది, కాదనను. కానీ ఏం బరువురా నాయనా! పెట్టీ పెట్టగానే నా మెడ భుజాల్లోకి దిగబడిపోయింది. ఇద్దరు ఇంజనీర్లు చెరో చెవీ పట్టుకుని లాగితేగానీ తల పైకి రాలేదు. ఇదిగో, ఇప్పటికీ చొక్కా కాలరు చూడు ఎంత వదులుగా ఉందో. తెల్లది మాత్రం వద్దురా వెయిక్కో, ఆయిలీ ముక్కు అప్పడమైపోతుంది."

వెయిక్కో రెండు చేతులతో కప్పు పట్టుకున్నాడు. ఇందాక నర్సు గొట్టం తీసేశాక కూడా ఆయిలీ బుగ్గమీద అది ఒరుసుకున్న ఎర్రటి గీత అలాగే ఉంది. బొటనవేలితో మెల్లిగా రుద్దాడు. పోలేదు.

"ఇక నల్లది. ఇది తేలిక. ఎంత తేలికంటే, ఫ్యాను గాలికి ఎగిరిపోతుందని బల్లకి తాడేసి కట్టారు. పెట్టుకున్నా. ఎదురుగా ఏముందో తెలుసా? నడుంలోతు మంచు, దాంట్లో నా పాత బండి! ఊరుకుంటానా? ఎక్కి కూర్చున్నా, ఈ వీధి, ఆ వీధి, తోసుకుంటూ పోయా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది తీసేసి బయటికొచ్చి చూద్దును గదా, చికాగోలో నిజం వీధులన్నీ అద్దంలా ఉన్నాయి! మేయరు ఆఫీసు నుంచి ఒకాయన పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టేసుకున్నాడు."

"మరి తోసిన మంచు ఎక్కడ పోశావు?" అంది లెంపీ.

"మా బావమరిది ఇంటిముందు."

లెంపీ పకపకా నవ్వింది. వెయిక్కో పెదాలు కూడా కదిలాయి. ఇవాళ కూడా తనకి నవ్వొచ్చిందని తెలిసి అతనికే భయం వేసింది. కప్పు కింద పెట్టాడు.

"అయితే నల్లది కొనమంటావా?" అంది లెంపీ.

"చచ్చినా వద్దు. కాలిపోతుంది. నా కనుబొమ్మ చూడు, సగం లేదు."

"అది మా పెళ్లినాటికే లేదు నీకు," అంది లెంపీ.

"నువ్వాగు! అసలు సంగతి మూడోది." ఊర్హో గొంతు తగ్గించాడు. "బూడిదరంగుది. దాన్ని ఎవరికీ చూపించట్లేదు, తల బావుందని నాకు చూపించారు. అది ముక్కుని తాకనే తాకదురా. కళ్లముందు గాల్లో నిలబడుతుంది. గొట్టం ఉన్నా పర్లేదు, గొట్టం మీద గొట్టం ఉన్నా పర్లేదు. ఐల్ రాయల్ చూపించండి అన్నా. అన్నానో లేదో, మోకాళ్లదాకా నీళ్లు! సాక్సులు తడిసిపోయాయి. చెయ్యి పెట్టి ఇంత చేపని పట్టా, అక్కడే గట్టుమీద కూర్చుని వెన్నలో వేయించుకున్నా. ఆ వాసనకి హాల్లో జనమంతా పళ్లేలు పట్టుకుని బారులు తీరారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఊర్హో అప్పుడు వెయిక్కో మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో ఏమో, అతన్ని ఎలాగైనా ఉత్సాహపరచాలనుకున్నాడు కాబోలు, కోతని ఇంకో మెట్టు పైకెక్కించాడు.

"రేవులో ఒక చిన్నపిల్ల. రెండు జడలు. రాళ్లమీద గెంతుతోంది. ఎవరమ్మా నువ్వంటే, ఆయిలీ అంది! గొట్టం లేదు, దగ్గు లేదు. నేను చూస్తుండగానే కొండెక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. ఆయాసమే లేదు పిల్లకి! వాళ్ల నాన్న పడవలోంచి కేకలేస్తున్నా వినిపించుకుంటేనా? ఆ మూడోదే కొనరా వెయిక్కో. తొందరపడకు. వేసవిదాకా ఆగమను ఆయిలీని. ఊర్హో చెప్పాడని చెప్పు."

"ఆయిలీ ఆగలేదురా," అన్నాడు వెయిక్కో. "ఇవాళ తెల్లవారుజామున పోయింది."

లెంపీ కాఫీ కూజా పక్క బల్లమీద పెట్టి, వెయిక్కో భుజంమీద చెయ్యి వేసింది. ఊర్హో కుర్చీ దగ్గరికి జరుపుకుని, "రాగానే చెప్పొచ్చు కదరా. నోర్ముయ్ అనొచ్చు కదా నన్ను," అన్నాడు.

"అనబుద్ధి కాలేదు. నేను ఇంటికెళ్లగానే ఆయిలీ ముందు అడిగేది అదే. ఊర్హో ఇవాళేం కోశాడు అని. నాకు నీలా చెప్పడం రాదు. అయినా చెప్పేవాణ్ని. నవ్వీ నవ్వీ గొట్టం ఊడదీసుకునేది, నర్సు నన్ను తిట్టేది. ఇవాళ కూడా అలవాటుగా అన్నీ గుర్తుపెట్టుకుంటూ విన్నాను. మెడ, చెవులు, మేయరు. మధ్యలో గుర్తొచ్చింది, ఎవరికి చెప్పాలి?"

ఊర్హో తల దించుకున్నాడు.

"నిన్న మధ్యాహ్నం నువ్వు చికాగోలో లేవురా. మా వాకిట్లో మంచు తీస్తున్నావు. ఆయిలీ కిటికీలోంచి చూసింది. పార చప్పుడు కాకుండా ఎంత మెల్లిగా తీస్తున్నాడో చూడు, పిలవకు, సిగ్గుపడతాడు అంది. ఆ తర్వాత కళ్లు మూసుకుంది. ఇంక కిటికీ వైపు చూడలేదు."

ఊర్హో లేచి, టోపీ పెట్టుకుని, వెయిక్కో మోచెయ్యి పట్టుకుని లేవదీశాడు. ఇద్దరూ వెయిక్కో ఇంటివైపు నడిచారు.

నర్సు తలుపు తీసింది. ఊర్హో గది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపలికి అడుగు పడలేదు. వెయిక్కో వెళ్లి, రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని ఆయిలీ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఊర్హో చికాగో వెళ్లొచ్చాడట," అన్నాడు. మొత్తం చెప్పాడు. ఎక్కడ ఆగాలో తెలీక, వరస తప్పుతూ చెప్పాడు. దీవి దగ్గరికి వచ్చాక ఆ చిన్నపిల్ల సంగతి చెప్పలేకపోయాడు. ఊర్హో చెప్పని మాట ఒకటి అతని నోటివెంట వచ్చింది.

"తిరిగి రావడానికి పడవ దొరకలేదట, ఆయిలీ. సరస్సుమీద నడిచే వచ్చేశాడట."

గుమ్మం దగ్గర్నుంచి మాట వినిపించింది.

"నడవడమేంట్రా," అన్నాడు ఊర్హో. "పరిగెత్తుకుంటూ వచ్చా."