నాయనమ్మ పోయి రెండేళ్లు

సింగపూర్, చోవా చూ కాంగ్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటు, ఉదయం తొమ్మిదిన్నర. తారాదేవి హాల్లోకి వచ్చి, గోడ వైపు చూసి ఆగిపోయింది. మనవడు నిశాంత్ టై ముడి వేసుకుంటున్నాడు.

“నా ఫోటోకి దండేశావేంట్రా?”

“ఏం లేదు నాయనమ్మా. బావుంటుందని.”

“బతికున్న మనిషి ఫోటోకి దండేస్తే బావుంటుందా?”

“ఒక్క గంటే. పదింటికి వీడియోలో స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ. వెనక గోడ కనబడుతుంది. నువ్వు గదిలోంచి రావద్దు. దగ్గొద్దు కూడా.”

“నా దగ్గుకీ నీ ఎమ్మెస్సుకీ ఏంట్రా సంబంధం?”

“ఎస్సే రాయమన్నారు. నీ జీవితంలో పెద్ద కష్టం ఏది, దాన్ని ఎలా దాటావు అని.”

“అయితే?”

“నాకు కష్టాల్లేవు కదా. ఏసీ, ట్రైను, నీ పప్పుచారు. మూడు వారాలు ఆలోచించా. ఒక్కటీ దొరకలేదు.”

“అందుకని?”

“అందుకని నువ్వు... లేవు.”

“లేనంటే? ఊరెళ్లానా?”

“పోయావు.”

“ఓరి నీ అఘాయిత్యం కూలా. ఎప్పుడు?”

“రెండేళ్లయింది.”

“రెండేళ్లుగా ఈ ఇంట్లో వంట ఎవరు చేస్తున్నార్రా మరి?”

“ఎస్సేలో నేనే చేస్తున్నా.”

“నువ్వా? స్టవ్ వెలిగించడం వచ్చా నీకు?”

“అదే కదా, కష్టం దాటడమంటే.”

“దేంతో పోయాను?”

“షుగర్.”

“నాకు షుగరెక్కడుందిరా? గుండె అని రాయొచ్చుగా, మర్యాదగా ఉండేది. షుగరంటే చాటుగా లడ్లు తిని పోయాననుకుంటారు.”

“ఇప్పుడు మార్చలేం. పంపించేశా.”

“మీ నాన్నకి తెలుసా?”

“చెప్పకు. ఇది రాకపోతే ఆయన ఆఫీసులోనే ఉద్యోగమంట. వన్-నార్త్‌లో, ఆయన పక్క సీటే. రోజూ ఒకే ట్రైను, ఒకే క్యారేజీ... చచ్చిపోతాను.”

“నన్ను చంపావు, చాల్లే. ఇంతకీ నేను పోతే ఏడిచావా?”

“రెండు పేరాలు.”

“చదువు.”

“ఇంగ్లీషులో ఉంది.”

“తెలుగులో చెప్పు.”

“‘ఆమె రోజూ సాయంత్రం నా కోసం లిఫ్టు దగ్గర నిలబడేది. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆమెని దాటి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు లిఫ్టు తలుపు తెరుచుకుంటే అక్కడ ఎవరూ ఉండరు.’ అంతే... నాయనమ్మా, ఏమైంది?”

“ఏం లేదు. నిజమే రాశావు.”

“పోవడం ఒక్కటే అబద్ధం. సారీ నాయనమ్మా.”

“సరేలే. కానీ నేను గదిలో కూర్చోడం కుదరదురా.”

“ప్లీజ్, నాయనమ్మా. గంటే కదా.”

“కుదిరితే కూర్చోనా? ఆ ఫారంలో ఇంటి నంబరని నా ఫోను నంబరు రాశావా?”

“రెండో నంబరు అడిగితే రాశా. ఏం?”

“నిన్న మధ్యాహ్నం ఒక తమిళావిడ ఫోన్ చేసింది. నిశాంత్ ఉన్నాడా అంది. నాకొచ్చిన నాలుగు తమిళం ముక్కల్లో, లేడమ్మా, నేను వాళ్ల నాయనమ్మనన్నా.”

“అన్నావా? మరి నాకు నిన్నే చెప్పలేదేం?”

“చెబుదామనే లిఫ్టు దగ్గర నిలబడ్డా.”

“...ఆవిడేమంది?”

“ఏ నాయనమ్మ అని రెండుసార్లు అడిగింది. తర్వాత, ఇవాళ పదింటికి నీ పక్కన నన్ను కూడా కూర్చోమంది.”